ఫస్ట్ షో చూసినవాళ్ళు

ఎప్పుడో చచ్చిపోయిన ఒక మనిషి మీసం సొంతదా, అతికించుకున్నదా అని మా ముందుగదిలో ముగ్గురు మగవాళ్ళు నాలుగు రోజులు కొట్లాడుకున్నారు.

అది 2011 సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. మెదక్‌లో ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు, బస్సులు డిపోలో. రాష్ట్రం కోసం ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటే వీళ్ళు ముగ్గురూ మీసం మీద ఉన్నారు.

ముగ్గురిలో ఒకరు మా బాపు బిక్షపతి. సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా రాందాస్ చౌరస్తా దగ్గర దీక్షా శిబిరంలో కూర్చుని నినాదాలు. పన్నెండున్నరకల్లా ఇల్లు. అప్పటినుంచి పొద్దు వాలేదాకా పాత సినిమాలు. రెండో మనిషి ఇంద్రకరణ్, ఇన్సూరెన్స్ ఏజెంటు. ఈ మధ్య భూముల బ్రోకరు కూడా అయ్యాడు. మూడో మనిషి జయానందం, దవాఖానలో కాంపౌండరు. బాపు, ఇంద్రకరణ్ ఇద్దరూ చలమరాజు అభిమానులు. జయానందం ప్రభుదాస్ అభిమాని. ఆ హీరోలిద్దరూ ఎన్నడో పోయారు. అభిమానులే పోలేదు.

"చలమరాజు కన్నుబొమ్మ లేపితే పక్కోడు డైలాగు మర్చిపోయేటోడు," అనేవాడు బాపు.

"మర్వడా మరి? బొమ్మ లేపితే విగ్గు జారుతుండె. ఎదురుంగున్నోడు నవ్వాపుకుంటుండె," అనేవాడు జయానందం.

"నీ ప్రభుదాసు ఏడిస్తే గ్లిజరిన్ వాసన బాల్కనీ దాక కొడ్తుండె గదరా!"

వయసు యాభై దాటిన మనుషులు. నవ్వి నవ్వి దగ్గేవాళ్ళు. దగ్గు తగ్గాక చాయ్ అడిగేవాళ్ళు.

నాకప్పుడు ఇరవై రెండు. టీచర్ ట్రైనింగ్ కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్నాను. నా పని అమ్మ కాచిన చాయ్ ముందుగదికి చేరవెయ్యడం. ఆ ముగ్గురి మీద నాకు ఒళ్ళు మండేది చాయ్ వల్ల కాదు, నాలుక వల్ల. శిబిరంలో "మా యాస, మా భాష" అని గొంతు చించుకున్న మనిషి ఇంటికొచ్చి చొక్కా గుండీలు విప్పుకోగానే రొమ్ము విరిచి ఇట్లా అందుకునేవాడు:

"శాంభవీ! ఈ కంచుగడప దాటిన ఆడదానికి లోకంలో మరో గడప ఉండదు!"

అది 'కంచుగడప' సినిమాలో చలమరాజు డైలాగు. ఆ సినిమా మొత్తంలో మాలాగా మాట్లాడేవాడు ఒక్కడే ఉంటాడట. తాగి, దొరసాని కడియాలు దొంగిలించే జీతగాడు. వాడి మాటలు అనుకరించినప్పుడే ముగ్గురూ ఎక్కువ నవ్వేవాళ్ళు.

వీళ్ళు నవ్వుకుని ఊరుకుంటే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. బస్టాండు పక్కన జహంగీర్ టాకీసు మూతపడి ఆరేళ్ళయింది. దాన్ని కొనాలని ఇంద్రకరణ్ పథకం వేశాడు. ఆదివారం ఆదివారం పాత సినిమాలు వెయ్యాలి, గేటు ముందు చలమరాజు బొమ్మ పెట్టాలి. బొమ్మకు అప్పుడే ఆర్డరు కూడా ఇచ్చేశాడు. టాకీసులో సగం వాటా బాపుది. బాపు దగ్గర ఏముంది? ఏమీ లేదు. అమ్మ దగ్గర ఉంది. టేక్మాల్‌లో అమ్మమ్మ ఐలమ్మ ఇచ్చిపోయిన రెండెకరాలు. ఆ భూమి కొనే హైదరాబాద్ పార్టీని ఇంద్రకరణే పట్టుకొచ్చాడు. కాగితాలు టైపయి మా టీవీ కింద సొరుగులో ఉన్నాయి. ఇక కావలసింది అమ్మ సంతకం, తెరిచి ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసు.

ఆఫీసు మాత్రం సమ్మెలో ఉంది. రోజూ పదకొండింటికి బాపు ఊరేగింపుతో వెళ్ళి ఆ ఆఫీసు ముందే నిలబడి, తాళం తియ్యొద్దని అరిచేవాడు. తన కాగితాలకు తానే అడ్డం. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు.

అమ్మ ఔననలేదు, కాదనలేదు. "సూద్దాం తియ్యి," అన్నది. మా ఇంట్లో అమ్మ నోట 'కాదు' అనే మాట ఎప్పుడూ ఆ రూపంలోనే వచ్చేది. దాన్ని 'సరే' అని వినడం బాపుకు ఇరవై అయిదేళ్ళ అలవాటు.

మీసం తేలకుండానే నాలుగో రోజు మాట 'కంచుగడప' ఆఖరి సీను మీదికి మళ్ళింది.

"శాంభవి వానల తడుసుకుంట తిరిగొచ్చి మొగుని కాళ్ళ మీద పడ్తది సూడు," బాపు కళ్ళు మూసుకున్నాడు. "గప్పుడు చలమరాజు ఒక్క మాట మాట్లాడడు. ఒక్క మాట! గడ్డం పట్టుకొని లేవదీస్తడు. గిప్పటి హీరోలకు చేతనైతదా?"

అమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చింది. వంగి గ్లాసులు అందుకుంటూనే అన్నది. "ఆమె తిరిగి రాలే."

ముగ్గురూ ఆమెను అప్పుడే చూసినట్టు చూశారు.

"ఏంది?" అన్నాడు బాపు.

"శాంభవి. పెట్టె పట్టుకొని కడప దాటి పోయింది. శుభం పడ్డది. రాలే."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. మీసం మీద కలవని వాళ్ళు అమ్మ మీద కలిశారు.

"వదినె," అన్నాడు ఇంద్రకరణ్, "సినిమా మధ్యల నిద్రపోయిండ్రేమో."

"నిద్రెందుకు పోత? గదే జహంగీర్ టాకీసుల సూసిన. మా అమ్మ ఎంబడి."

"లలితా," బాపు గొంతులో పెద్దమనిషి తరహా వచ్చింది. అంటే అవమానం దగ్గర్లో ఉందని అర్థం. "గా సినిమా నేను పదకొండు సార్లు చూసిన. నువ్వొక్కసారి చూసి నాకు చెప్తున్నవా? నీకు సినిమా ఏం తెలుస్తది, చాయ్ పెట్టుకోపో."

అమ్మ కదల్లేదు. "రాలే," అన్నది మళ్ళీ.

అప్పుడు ఇంద్రకరణ్ బాపు చెవిలో ఏదో అన్నాడు. బాపు ముఖం వెలిగింది.

"సరే. సీడీ తెప్పిస్త. గామె తిరిగి రాకుంటే టేక్మాల్ భూమి మాట మల్ల ఎత్తను. జయానందం సాక్షి. వచ్చిందనుకో, సమ్మె ఇడిసిన తెల్లారే సంతకం పెట్టాలె. ఒప్పుకుంటవా?"

"నా కండ్లతోని సూసిన," అన్నది అమ్మ.

"ఒప్పుకుంటవా అంటున్న."

"ఒప్పుకుంట."

గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్ళింది. వెనక నేను పరిగెత్తాను.

"అమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా? పదకొండు సార్లు చూసిండట!"

అమ్మ చాయ్ గిన్నె అడుగు తోముతోంది. అల్యూమినియం గిన్నె, ఇరవై ఏళ్ళది, బయట నల్లగా లోపల ఎర్రగా. "నాకప్పుడు పన్నెండేండ్లు. టేక్మాల్ నుంచి ఆడోళ్ళం పదిమందిమి వచ్చినం. ఫస్ట్ షో సూసి ఆఖరి బస్సెక్కినం. బస్సుల ఒక్కరు మాట్లాడలే. పాపన్నపేట దాటినంక యాదవ్వ అడిగింది, 'ఐలమ్మక్కా, గామె ఎటు పోయుంటదే?' అని. మా అమ్మ ఏమన్నదో ఎరికేనా?"

"ఏమన్నది?"

"'ఎటన్న పోతది. కాళ్ళున్నయి గదా,' అన్నది." అమ్మ గిన్నె బోర్లించింది. "మర్నాడు మీ తాత కాగితం పట్టుకొచ్చిండు, గా రెండెకరాలు అమ్ముతందుకు. వేలిముద్ర ఎయ్యమన్నడు. అంతకుముందు రెండుసార్లు ఏసింది, రెండు చెక్కల భూమి పోయింది. గా దినం మాత్రం చేతులు ఎనుకకు పెట్టుకొని నిలవడ్డది. కొట్టిండు. తియ్యలే. గట్ల మిగిలింది భూమి."

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మ పందెం కాసింది సినిమా మీద కాదు.

సీడీ రావడానికి దసరా దాటింది. బస్సుల్లేవు కాబట్టి ఇంద్రకరణ్ బామ్మర్ది హైదరాబాద్ నుంచి ఎవరి జీపులోనో పంపాడు. మధ్యాహ్నం రెండింటికి మా ముందుగదిలో ఆట. శిబిరం నుంచి మరో అయిదారుగురు వచ్చారు. ప్లేయరు టీవీకి కలపడం ఈ మేధావుల్లో ఒక్కరికీ రాదు. దానికి హకీం‌ను పిలిచారు.

హకీం జహంగీర్ టాకీసులో ముప్పై రెండేళ్ళు ఆపరేటరు. మిషన్ గదిలో నిలబడి రీళ్ళు నడిపినవాడు. టాకీసు మూతపడ్డాక బస్టాండు దగ్గర మిక్సీలు బాగు చేసుకుంటున్నాడు. ఈ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సినిమాలు చూసింది ఆయనే. ఆయన్ని ఈ అభిమానులు ఒక్కనాడూ కూర్చోమనలేదు. ఆ రోజూ వైర్లు కలిపాక దర్వాజ దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు.

రెండున్నర గంటలు నడిచింది. చలమరాజు మాట్లాడే ప్రతి మాటా బాపు ముందే అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. సీను వచ్చింది. శాంభవి పెట్టె పట్టుకుంది. చలమరాజు వేలు చూపించాడు, బాపు కూడా చూపించాడు. "ఈ కంచుగడప దాటిన ఆడదానికి..." శాంభవి కాలు లేచింది. గడప దాటింది. వీధిలోకి నడిచింది.

టీవీ ఆరిపోయింది.

బొగ్గు గనుల్లోనూ సమ్మె. కరెంటుకు వేళాపాళా లేదు.

చీకటి తెర వైపు చూస్తూ అమ్మ, "అయిపోయింది గదా. గింతే," అన్నది. నవ్వింది. ఆ గదిలో అమ్మ నవ్వగా నేను చూడటం అదే మొదలు. జయానందం కూడా కిసుక్కుమన్నాడు. బాపు ఆయన్ని కొరకొరా చూశాడు.

గంట కూర్చున్నారు. ఎవరూ లేవలేదు. ఉక్కపోతలో చెమటలు కారుతుంటే తువ్వాళ్ళతో విసురుకుంటూ, చలమరాజు వానలో తడిసిన సినిమాలు ఎన్నో లెక్కపెట్టారు.

కరెంటు వచ్చింది. హకీం లేచి సీను వెతికి పెట్టాడు. శాంభవి వీధిలోకి నడిచింది. ఉరిమింది. వాన. రావిచెట్టు కింద ఆగింది. పసిపిల్ల ఏడుపు వినబడింది. వెనక్కి తిరిగింది. ఉరుకుతూ వచ్చి, కంచుగడప మీద నుదురు ఆనించి, మొగుడి కాళ్ళు పట్టుకుంది. చలమరాజు గడ్డం పట్టుకుని లేపాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

శుభం.

గది మొత్తం చప్పట్లు. బాపు లేచి నిలబడి, ఆ సినిమా తనే తీసినట్టు చుట్టూ చూశాడు. "చూసినవానే?"

"గిది తర్వాత కలిపిండ్రు," అన్నది అమ్మ చిన్నగా.

"అవ్ వదినె," అన్నాడు ఇంద్రకరణ్, "చలమరాజును సమాధిలకెల్లి లేపి, మేకప్ ఏసి తీసిండ్రు!"

నవ్వులు. అంత పెద్ద నవ్వుల్లో దర్వాజ దగ్గరి మాట ముందు ఎవరికీ వినబడలేదు. హకీం రెండోసారి అన్నాడు.

"అక్క అబద్ధం చెప్తలేదు సార్."

"ఏంది హకీం?"

"ఫస్ట్ షోల ఆఖరి రీలు నేను ఎయ్యలే." వైరు చుట్టుకుంటూ చెప్పాడు, మిక్సీలో ఏం పాడైందో చెప్పినట్టు. "టేక్మాల్ ఆఖరి బస్సు తొమ్మిదింటికి. సినిమా ఇడిసేసరికి తొమ్మిది దాటుతుండె. ఊళ్ళోళ్ళు సగంల లేసి ఉరుకుడు, బెంచీలు పడుడు, లొల్లి. ఓనర్ సాబ్ పిలిచి అన్నడు, 'హకీం, పదహారో రీలు పక్కకు పెట్టు. శుభం ముక్క కత్తిరించి పదిహేనో రీలు చివర్ల అతికియ్యి.' అతికిచ్చిన. సెకండ్ షోకు మల్ల విప్పి పూరా ఏస్తుంటి. ఊళ్ళోళ్ళకు ఒక సినిమా, టౌనోళ్ళకు ఒక సినిమా. ఇరవై మూడు దినాలు గట్లనే నడిచింది."

ముప్పై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో సినిమా తెలిసినవాళ్ళం మేమే అని తిరిగిన పెద్దమనుషులు, తమ ఊరి టాకీసులో ఏం ఆడిందో తెలియని మనుషులు, చెప్పుల పక్కన కూర్చున్నవాడి వైపు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"గిన్నేండ్లు చెప్పకపోతివి?" అన్నాడు జయానందం.

"ఎవరడిగిండ్రు సార్?"

బాపు మాత్రం తేరుకున్నాడు. కావలసింది ఒక్కటే ఏరుకోవడంలో ఆయనకు మంచి చెయ్యి. "అంటే అసలు సినిమాల తిరిగొచ్చినట్టే గదా?"

"వచ్చినట్టే సార్."

"అయిపాయె. పందెం పందెమే. సంతకం."

అమ్మ ఆయన వైపు చూడలేదు. "హకీం భాయ్, ఫస్ట్ షోకు జనం ఎంతమంది ఉంటుండె?"

"హౌస్‌ఫుల్ అక్కా. ఆడోళ్ళ బెంచీల మీద జాగ దొరకకపోతుండె."

"గంతమందిమి సూసినమన్నట్టు," అన్నది అమ్మ. గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్టోబరు సగంలో బస్సులు మొదలయ్యాయి. ఇరవై నాలుగున మిగిలిన సమ్మె కూడా ఆపేశారు. నలభై రెండు రోజులు. రాష్ట్రం రాలేదు. శిబిరంలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బాపు మాత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. "రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసు తెరుస్తరు. భూమి పాస్‌బుక్కు ఏది?"

"టేక్మాల్‌ల ఉన్నది. యాదవ్వ తాన పెట్టిన," అన్నది అమ్మ.

పాస్‌బుక్కు మా బీరువాలో, అమ్మ పెళ్ళి చీర కింద ఉంది. వారం కింద నేనే చూశాను. నేను చూడటం అమ్మ చూసింది. ఇప్పుడు బాపు నా వైపు తిరిగాడు. "గక్కడున్నదేందే?"

ఆ సమ్మెలో నేను చేసిన పని ఒక్కటే. "అవ్ బాపు. యాదవ్వ అమ్మమ్మ తాన్నే ఉన్నది. నేను సూసిన," అన్నాను.

"సరే పో. రేపు ఫస్ట్ బస్సుకు వచ్చెయ్యాలె. పది గంటలకల్లా పార్టీ వస్తది."

అమ్మ సంచీ సర్దుకుంది. చిన్న సంచీ. గడప దాటేటప్పుడు వెనక్కి చూసిందో లేదో నాకు తెలియదు. నేను వెనక దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకే ముగ్గురూ ముందుగదిలో దిగారు. ఇంద్రకరణ్ తెల్ల చొక్కా తొడుక్కొచ్చాడు. ఆటోలో చలమరాజు బొమ్మ కూడా వచ్చింది, నడుము దాకా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. దాన్ని టీవీ పక్కన నిలబెట్టి, మీసం సరిగ్గా వచ్చిందా లేదా అని మళ్ళీ మొదలుపెట్టారు.

"చంద్రికా, చాయ్ పెట్టు బిడ్డా," అన్నాడు బాపు.

వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన గిన్నె లేదు. గోడకు చాయ్ వడబోసే జాలీ లేదు. గూట్లో చూశాను, బల్ల కింద చూశాను. తర్వాత వెతకడం ఆపేశాను. లోపలి గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి పెళ్ళి చీర ఎత్తి చూశాను. కింద ఏమీ లేదు.

ముందుగదికి వచ్చాను.

"చాయ్ గిన్నె లేదు బాపు."

"లేకపోవుడేంది? తోమి ఎక్కడ్నన్న పెట్టుంటది."

"అమ్మ తీస్కపోయింది."

"పాస్‌బుక్కుకు పోయినామె చాయ్ గిన్నె ఎందుకు తీస్కపోతది?" అని నవ్వాడు బాపు.

జయానందానికి ముందు తెలిసింది. దవాఖానలో పనిచేసేవాడు కదా, ఇంటివాళ్ళకన్నా ముందు తెలియడం అలవాటే. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఇంద్రకరణ్ గడియారం చూసుకున్నాడు. బాపు నవ్వు సగంలో ఆగిపోయింది. యాదవ్వ కొడుకు సెల్లుకు ఫోన్ చేశాడు. అవతల అమ్మ గొంతు నాకు కూడా వినబడింది.

"బస్సు దొరకలేదా ఏంది?" అన్నాడు బాపు.

"దొరికింది," అన్నది అమ్మ. "ఎక్కలే."

టాకీసును ఇంద్రకరణ్ ఇంకెవరితోనో కలిసి కొన్నాడు. సినిమాలు వెయ్యలేదు, ఫంక్షన్ హాల్ కట్టాడు. అభిమానానికి ఉన్న లోతు అంత. బొమ్మను తీసుకుపోలేదు. అది మా ముందుగదిలోనే ఉండిపోయింది. దుమ్ము దులుపుతూ ఒకసారి దాని మీసం సగం ఊడగొట్టాను. పొరపాటున కాదు.

రెండున్నరేళ్ళకు రాష్ట్రం వచ్చింది. ఊరంతా పటాకులు. అమ్మ రాలేదు. రెండెకరాల్లో వరి వేస్తుంది. టేక్మాల్ బస్సు స్టేజీ దగ్గర అదే గిన్నెలో చాయ్ కాస్తుంది. ఎవరికీ ఊరికే పొయ్యదు. బాపు ఒకసారి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటే ఆయన దగ్గర కూడా పైసలు తీసుకుందని హకీం చెప్పాడు.

మొన్న ఆదివారం నేను మెదక్ వెళ్ళాను. ముందుగదిలో ఇప్పుడు కొత్త ముఖాలు. ఈమధ్యే రిటైరైన ఒకాయన 'కంచుగడప' కథ ఎత్తుకున్నాడు. వాన దాకా వచ్చాడు, రావిచెట్టు దాకా వచ్చాడు. "ఇంగ సూడుండ్రి, శాంభవి ఉరుక్కుంట తిరిగొచ్చి..."

బాపు సగం మీసం బొమ్మ పక్కన కూర్చుని తన గ్లాసు తనే కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఫస్ట్ షోల రాదు," అన్నాడు.